తప్పు లేకుంటె డప్పెందుకు

మా శాఖలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి మొన్న ఫోన్ చేసింది. "సార్, వాట్సాప్‌లో అబద్ధపు వార్త వస్తే మనం మొదట ఏం చేయాలి?" అని అడిగింది. శిక్షణలో చెప్పే జవాబు ఆమెకు తెలియనిది కాదు. ఖండన రాయాలి, పత్రికలకు పంపాలి, ఊళ్లో ప్రచారం చేయించాలి. ఇవన్నీ చేసి చూసిన ముసలాయన ఏమంటాడో వినాలని ఆమె కోరిక. "ఏం చేసినా ఆగదు తల్లీ" అనే మాట నోటిదాకా వచ్చింది. ఉద్యోగంలో ఇంకా కుదురుకోని పిల్లతో అట్లా అనడం బాగుండదని, "రాసి పంపుతాను" అన్నాను. కాబట్టి ఆమెకూ, ఆమెలాగ కొత్తగా చేరిన మీకందరికీ రాస్తున్నాను. ధైర్యం చెప్పే రాత కాదని ముందే చెబుతున్నా.

సర్కారు చెప్పే సంగతులు జనంలోకి తీసుకుపోవడం మా పని. ఆదిలాబాద్ అడవి ఊళ్లలో మొదలుపెట్టి కరీంనగర్‌లో రిటైరయ్యాను. ప్రమోషన్లు, బదిలీలు, కోర్టు కేసుల గురించి రాయను. ఆ గొడవలు ఏ శాఖలోనైనా ఒకటే. మా ఉద్యోగం అసలు ఏమిటంటే, ఇదీ నిజం అని చెప్పాలి, దాన్ని జనం చేత నమ్మించాలి. చెప్పడం వరకు మాకు చేతనయ్యేది.

ఎవలు చెప్పిండ్రు?

కొత్తలో జైనూర్ వైపు గూడేల్లో సినిమా బండితో తిరిగేవాళ్లం. జీపు వెనక ప్రొజెక్టర్, ఒక తెల్లగుడ్డ, ఒక మైకు. ఒక గూడెంలో పిల్లలకు టీకాలు వేయించమని చెప్పబోతే, ఆ ఊరి పటేల్ నన్ను కూర్చోబెట్టి ముందు నీళ్లిచ్చాడు.

"గీ ముచ్చట నీకెవలు చెప్పిండ్రు?" అన్నాడు.

"డాక్టర్ గారు."

"గా డాక్టర్‌కు ఎవలు చెప్పిండ్రు?"

మర్నాడు ఉట్నూరు దాకా పోయి, ఇద్దరు పిల్లలకు టీకాలు వేయించిన ఒకామెను వెతికి జీపులో తీసుకొచ్చాను. ఆమె పటేల్‌కు వరసకు కోడలు. ఆమె పది నిమిషాలు మాట్లాడింది. ఆ వారం గూడెంలో పిల్లలందరికీ టీకాలు పడ్డాయి.

చాలా ఏళ్లు ఈ సంగతిని గొప్పగా చెప్పుకుంటూ తిరిగాను. చదువు లేకపోయినా ఆరా తీసి నమ్మే మనుషులు వాళ్లు అని సభల్లో కూడా చెప్పాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన ఆరా తీసింది సంగతి గురించి కాదనిపిస్తుంది. చెప్పేది మన మనిషా, పరాయి మనిషా అని మాత్రమే చూశాడు. సూది వేస్తే పిల్లలు బతకరని ఆ కోడలే చెప్పి ఉంటే, ఆ గూడెంలో ఒక్కరికీ టీకా పడేది కాదు. మంచి జరిగింది కాబట్టి నేను మురిసిపోయాను.

పోశవ్వ గంజు

కరీంనగర్‌కు బస్సులో గంట దూరం ఉండే ఒక ఊరు. పేరు రాయను, మీ జిల్లాలో ఏ ఊరైనా అనుకోండి. అక్కడి బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి పోశవ్వ. మొగుడు లేడు, ఒక్క బిడ్డకు పెళ్లి చేసింది. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చుని కళ్లు ఎర్రబడ్డాయి. బడి పిల్లలు ఆమెను పెద్దవ్వా అని పిలిచేవాళ్లు. ఎవడు కారం తినడో, ఎవడికి అన్నం రెండోసారి పెట్టాలో ఆమెకు తెలుసు.

ఒకరోజు 'మన ఊరి ముచ్చట' అనే వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. ఒకామె వీపు మాత్రమే కనబడుతుంది. పెద్ద గిన్నెలో నుంచి గరిటెతో చచ్చిన బల్లిని తీసి పక్కన పడేసి, మళ్లీ అదే పప్పు కలుపుతుంది. కింద "మన బడిలో మన పిల్లలకు పెడుతున్న తిండి చూడండి" అని రాసి ఉంది. మర్నాటి నుంచి పిల్లలు ఇంటి దగ్గర నుంచి టిఫిన్ డబ్బాలు తెచ్చుకున్నారు. మా ఆఫీసు పెద్దసారు నన్ను పంపేటప్పటికి నాలుగో రోజు.

నేను పోయేసరికి పోశవ్వ వంటింటి గుమ్మంలో, నిండు గంజు ముందు కూర్చుని ఉంది. గంజులో పప్పు మీద మీగడలాగ పొర కట్టింది.

"తినేటోళ్లు లేకున్నా వండుతున్నవా" అన్నాను.

"వండకుంటె ఒప్పుకున్నట్టే గదా సారూ" అంది. తరవాత నా చెయ్యి పట్టుకుంది. "పని పోతె పోనీ, కైకిలి జేసుకోని బతుకుత. గా బల్లి తీసింది నేను కాదని ఊరంత ఒప్పుకునేటట్టు చెయ్యి. గంతే నాకు. గింకేమొద్దు."

ఆమె అడిగింది ఇదొక్కటే. తేలికైన పని అనుకున్నాను. వీడియోలో ఉన్నది గ్యాసు పొయ్యి, నీలం మంట స్పష్టంగా కనిపిస్తోంది. ఈ బడిలో గ్యాసన్నదే లేదు. వీడియో చివర్లో వినబడే మాటలు మన భాషవి కావు. ఇంటర్నెట్‌లో వెతికితే అంతకు చాలాకాలం ముందే, ఎక్కడో దూరపు రాష్ట్రంలో తీసిన వీడియో అని తేలింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఫోన్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను.

ఆ తిరుగుడులో ఇద్దరు మనుషులు నాకు బాగా తెలిసివచ్చారు. ఒకాయన కొమురయ్య, రైతు. అప్పటి సర్పంచ్ అంటే గిట్టని పక్షం. పోశవ్వ మరిది ఆ సర్పంచ్ వెనక జెండా పట్టుకుని తిరిగేవాడు. పోశవ్వకు జెండా రంగు కూడా సరిగా తెలియదు. ఊరికి మాత్రం ఆమె ఆ జెండా మనిషే. నేను కొమురయ్యకు గ్యాసు పొయ్యి చూపించి, "మీ బడిలో గ్యాసు ఉందా?" అని అడిగాను.

ఆయన వీడియో రెండుసార్లు చూశాడు. "అంటే బడికి గ్యాసు వచ్చిందన్నట్టు!" అన్నాడు. "మాకు చెప్పకుంట ఎవలో అమ్ముకున్నరన్నట్టు!"

సాయంత్రానికి ఊళ్లో కొత్త వార్త పుట్టింది. బడికొచ్చిన గ్యాసును సర్పంచ్ అమ్ముకున్నాడట. నా సాక్ష్యంలో నుంచే అది పుట్టింది.

కొమురయ్యను మీరు మూర్ఖుడనుకోవద్దు. ఒక ఏజెంట్ మాట నమ్మి కొడుకును దుబాయ్ పంపాడు. చెప్పిన పని ఒకటి, అక్కడ చేయించిన పని ఒకటి. ఆఫీసుల చుట్టూ తిరిగితే సార్లంతా రేపు రమ్మన్నారు. అప్పటి నుంచి ఎవ్వరినీ నమ్మనని గర్వంగా చెప్పుకుంటాడు. కానీ మనిషి ఏదీ నమ్మకుండా ఉండలేడు. పత్రికను నమ్మడు, ఆఫీసర్‌ను నమ్మడు, ఆ కొడుకు దుబాయ్ నుంచి పంపే వీడియోలన్నీ నమ్ముతాడు.

రెండో ఆయన నర్సింహులు, రిటైరైన టీచర్. సర్పంచ్ పక్షం. నన్ను చూడగానే చాయ్ పోయించాడు. "అది పచ్చి అబద్ధం సార్, పోశవ్వ అట్లాంటి మనిషి కాదు" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. ఊళ్లో ఒక్కడైనా ఆలోచించేవాడు దొరికాడనుకుని, "వీడియోలో గ్యాసు పొయ్యి గమనించారు కదా?" అన్నాను.

"నేను వీడియో చూడలే సార్. చూసే అవసరమే లేదు. ఆ పక్షమోళ్లు పెట్టిన్రంటేనే అబద్ధం."

నేను చాయ్ తాగి లేచాను. ఆ రోజు మనవైపు ఉన్నాడు, చాలులే అనుకున్నాను.

పెద్దసారు ఉపాయం

తల్లిదండ్రులను బడికి పిలిచి వాళ్ల ముందే వండించాం. పోశవ్వ ముందుగా తాను తిని, తరవాత నాకు పెట్టింది. కొమురయ్య మీసం దువ్వుకుంటూ, "ఇయ్యాల మంచిగనే వండుతది. సారొచ్చిండు గదా" అన్నాడు. దీనికి మీ దగ్గర ఏమైనా జవాబు ఉంటే నాకు రాయండి.

ఈ సంగతి ఆఫీసులో చెబితే మా పెద్దసారు నవ్వారు. మంచి మనిషే, పుస్తకాలు చదివిన మనిషి. జనానికి సమాచారం అందకపోవడం వల్లే ఈ తిప్పలన్నీ అని ఆయన నమ్మకం. "ఊళ్లో డప్పు చాటింపు వేయించు. ఇంటింటికీ చేరుతుంది" అన్నారు. డప్పు వద్దు సార్ అని నేనూ అనలేదు. మాలో ఎవ్వరికీ అనుమానం రాలేదు.

ఇక్కడ ఒక్క సంగతి ఆలోచించండి. ఊళ్లో డప్పు ఎప్పుడు మోగుతుంది? బర్రె తప్పిపోతే మోగుతుంది. నల్లా బంద్ అయితే మోగుతుంది. ఇంటి పన్నుకు గడువు దగ్గర పడితే మోగుతుంది. జరిగినదాన్నో, జరగబోయేదాన్నో చెప్పడానికే ఊరు డప్పు కొట్టిస్తుంది. జరగనిదాన్ని జరగలేదని చెప్పడానికి ఎవరూ ఎప్పుడూ కొట్టించలేదు. మేం కొట్టించాం.

"బడి బువ్వల బల్లి పడ్డదన్న మాట అబద్ధమహో! ఎవలూ నమ్మొద్దహో!" అని వాడవాడకూ చాటారు. ఫోన్ లేని ముసలివాళ్లు, పొలాల దగ్గర ఉండేవాళ్లు, వీడియో ముఖం చూడనివాళ్లు అరుగుల మీదికి వచ్చారు. "బువ్వల బల్లి పడ్డదా? ఎన్నడు? ఎవల పిల్లగాడు తిన్నడు?" అని ఒకరినొకరు అడుగుతున్నారు. డప్పు వెనకే నడుస్తున్న నేను ఆ మాటలు విన్నాను.

కొమురయ్య తన గడపలో నిలబడి నన్ను పిలిచాడు. ఆయన గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు.

"తప్పు లేకుంటె డప్పెందుకు కొడ్తరు సారూ?"

పక్క ఊళ్లకు కూడా పాకింది. ఎన్నికలు దగ్గరున్నాయి. సొంత పక్షం సర్పంచే పోశవ్వను పిలిచి, "జర ఈ నాలుగు నెలలు ఇంట్ల కూసో అక్కా, మాకు పరేషాన్ ఉన్నది" అన్నాడట. నిప్పు లేనిదే పొగ రాదంటారు. మన సామెతల్లో నాకు బొత్తిగా గిట్టనిది అదే. నిప్పు లేకుండా ఎంత పొగ పెట్టవచ్చో నేను కళ్లారా చూశాను. పోశవ్వ కూలికి పోవడం మొదలుపెట్టింది. నాట్ల దగ్గర ఆడవాళ్లు ఆమె తెచ్చిన సద్దిలో చెయ్యి పెట్టడం లేదని తెలిసి, నేను ఆ దారిన పోవడం మానుకున్నాను.

చదువు గురించి

ఆ డప్పు గొడవ సద్దుమణగకముందే, మా పెద్దసారు ఒకరోజు తన గదిలో ఫోన్ నా ముందు పెట్టారు. ఆయనకు గిట్టని నాయకుడొకరు ఏదో అన్నట్టు ఒక వార్త. అది అబద్ధమని అంతకు ముందు రోజే మా ఆఫీసే పత్రికలకు రాసింది. ఆ కాగితం మీద సంతకం ఆయనదే.

"సార్, ఇది మనం ఖండించిందే" అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇది అబద్ధమే కావచ్చు. కానీ అతను అనగలిగినవాడే" అన్నారు.

చదువుంటే అబద్ధాలు నమ్మరనే మాట మీకు శిక్షణలో చెబుతారు. చదువుకున్నవాడికి తాను నమ్మినదాన్ని నిలబెట్టుకోవడానికి నాలుగు మాటలు ఎక్కువ దొరుకుతాయి, అంతే తేడా. నేను చూసినంతలో, భయస్తుడు ముందు భయపెట్టేదాన్ని నమ్ముతాడు. మోసపోయినవాడు మళ్లీ మోసం జరిగిందనేదాన్ని నమ్ముతాడు. నలుగురితో మంచిగా ఉండాలనుకునే మెత్తని మనిషి, ఏ అరుగు మీద కూర్చుంటే ఆ అరుగు మాట నమ్ముతాడు. వీటన్నిటి మీదా జెండా ఒకటి. జెండా పట్టినవాడికి నువ్వు చూపించే సాక్ష్యం కనబడదు, నువ్వు ఎవరి తరఫున వచ్చావో కనబడుతుంది. నేనేమీ వేరే కాదు. నాకు పడని మనిషి గురించి చెడు వార్త వస్తే, ఇప్పటికీ ముందు నమ్మి తరవాత వెతుకుతాను.

మళ్లీ అదే వీడియో

ఎన్నికల్లో ఆ సర్పంచ్ ఓడిపోయాడు. కొమురయ్య పక్షం గెలిచింది. కొత్త సర్పంచ్ బడికి గ్యాసు పొయ్యి తెప్పించి, తమ వాడకట్టు మనిషి రాజమణిని వంటకు పెట్టించాడు. వీడియో ఊసు అందరూ మరిచిపోయారు. ఈలోగా నేను రిటైరయ్యాను.

కిందటేడు ఒక పొద్దున నర్సింహులు నాకు ఒక వీడియో పంపాడు. "చూసిన్రా సార్, మన బడి గతి" అని రాశాడు. తెరిచాను. అదే వీపు, అదే గిన్నె, అదే బల్లి. కింద ఈసారి రాజమణి పేరు.

వెంటనే ఫోన్ చేశాను. "నర్సింహులు గారూ, ఇది ఆనాటి వీడియోనే!"

"అట్లనా సార్? అప్పుడు నేను చూడలే గదా" అన్నాడు. "ఇప్పుడు చూస్తే కడుపుల తిప్పింది. ఆమె గట్ల చేసేదే సార్, నేను ముందే అనుకున్న."

బస్సెక్కి ఊరికి పోయాను. నన్ను ఎవరూ పంపలేదు, పోవలసిన పనీ లేదు. ఊరి మొదట్లో కొమురయ్య ఎదురయ్యాడు. నన్ను చూసి సంబరపడ్డాడు. "మంచిగొచ్చిన్రు సారూ! అది ఎక్కడిదో వేరే రాష్ట్రం వీడియో అని చెప్పుండ్రి వీళ్లకు. భాషనే మనది కాదాయె. అప్పుడు మీరే చెప్పిన్రు గదా!"

అంటే ఆనాడు నేను చెప్పిన ప్రతి మాటా ఆయన చెవిలో పడింది. ఇన్నేళ్లూ భద్రంగా దాచుకున్నాడు. అవసరం వచ్చినప్పుడు తీశాడు.

ఇక మిగిలింది పోశవ్వ. ఈ వీడియో అబద్ధమని ఊరి మొత్తంలో అనుభవించి తెలుసుకున్న మనిషి ఆమె ఒక్కతే. ఆమె నోరు విప్పితే ఊరు వింటుందనే ఆశతో వాళ్ల ఇంటికి పోయాను. మనిషి తేరుకుంది. మంచం వాల్చి కూర్చోమంది. బిడ్డ కొనిచ్చిన కొత్త ఫోన్ చేతిలో ఉంది.

"చూసినవా పోశవ్వా, మళ్లీ అదే వీడియో తెచ్చారు" అన్నాను.

"చూసిన సారూ. ఇన్నొద్దులకు దొరికింది దొంగ."

నాకు అర్థం కాలేదు. "ఎవరు దొరికారు?"

"రాజమణి. ఇంకెవలు? ఆనాడు మీరే చెప్పిన్రు గదా, వీడియోల గ్యాసు పొయ్యి ఉన్నది, నాది కట్టెల పొయ్యి అని. ఊరంత తిరిగి చెప్పిన్రు. మరి గ్యాసు పొయ్యి ఎవలకున్నది? ఆమెకే గదా!"

"ఈ వీడియో వచ్చినప్పుడు రాజమణి బడిలోనే లేదు. నీ మీద వేసింది ఇదే వీడియో! నువ్వు కాదని నీకు తెలుసు కదా!"

"నేను కాదని నాకెర్క సారూ" అంది. గొంతు పెంచలేదు. "ఆమె కాదని నాకెట్లెర్క?"

ఆమె లేచి లోపల నుంచి నీళ్లు తెచ్చిచ్చింది. పక్కన కూర్చుని, చిన్నపిల్లాడికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

"ఇప్పుడు నాట్ల కాడ అందరు నా సద్ది తింటున్నరు సారూ. పాపం పోశవ్వను ఉత్తగనే అంటిమి, అది రాజమణి పనేనట అని మొఖం మీదనే అంటున్నరు. నేను కాదని ఊరంత ఒప్పుకున్నది. మీతోని గాలే. డప్పుతోని గాలే. గీ వీడియోతోని అయ్యింది." ఫోన్ నా వైపు జరిపింది. "మీరు సుత నలుగురికి పంపుండ్రి సారూ. మీరు పంపితే నమ్ముతరు."

ఆమె అడిగింది ఆనాడు కూడా ఇదే కదా. నేను తీర్చలేకపోయాను. ఒక అబద్ధం తీర్చింది. ఆ మొహంలో ఉన్న నెమ్మదిని చెడగొట్టే హక్కు నాకు ఉందో లేదో తెలియక, లేచి చెప్పులు తొడుక్కున్నాను.

బస్టాండు బడి పక్కనే. పిల్లలు చెట్టు నీడలో టిఫిన్ డబ్బాలు తెరుస్తున్నారు. వంటింటి గుమ్మంలో ఒక చిన్న వయసు మనిషి నిండు గంజు ముందు కూర్చుని ఉంది. రాజమణిని నేను అంతకు ముందు చూడలేదు. చెప్పకపోయినా తెలిసింది. ఎవరో నన్ను చూపించి చెప్పినట్టున్నారు, కొంగుతో చేతులు తుడుచుకుంటూ గబగబా వచ్చింది.

"సారూ, పోశవ్వ మీద చెప్పినప్పుడు మీరు డప్పు కొట్టిపిచ్చిన్రట గదా. నాకు సుత కొట్టిపియ్యరా? మీ కాల్మొక్త."

"డప్పు వద్దమ్మా" అన్నాను.

"మరి ఏం జేయాల్నో మీరే చెప్పుండ్రి" అని నా మొహంలోకి చూస్తూ నిలబడింది.

బస్సు వచ్చింది. ఎక్కాను.